తూర్పు కిటికీ కింద మంచం

సముద్రపు ఒడ్డు ఊరు పుంటా బ్రావాలో ఇల్లు చేతులు మారడం పెద్ద వార్తేమీ కాదు. కెనడావాడు కట్టించింది జర్మనీవాడు కొంటాడు, ఆ జర్మనీవాడు వానలకు విసిగి ఇంకో తెల్లవాడికి అంటగడతాడు. తాతలు కొబ్బరి నాటిన నేలలో ఈతకొలనులు తవ్వుతుంటే ఊళ్ళోవాళ్ళు అరుగుల మీద కూర్చుని డామినో బిళ్ళలు ఆడుకుంటూ చూస్తుంటారు. కానీ సోలాంజ్ ఇల్లు కొనిందంటే మాత్రం చేపలమ్మే ఆవిడ కూడా “పోనీలే, ఇన్నాళ్ళకు” అంది.

ఎందుకంటే సోలాంజ్ వచ్చి చాలా ఏళ్ళయింది. కెనడాలోని క్యూబెక్‌లో నర్సుగా రాత్రి డ్యూటీలు చేసీ చేసీ అరిగిపోయి, మిగిలిన జీవితం వెచ్చగా గడుపుదామని ఈ ఒడ్డుకు చేరింది. గడిపింది, అద్దె కొంపల్లో. ప్రతి డిసెంబరుకూ ఇంటి యజమాని పళ్ళికిలిస్తూ వచ్చేవాడు. పండక్కి టూరిస్టులు వస్తున్నారు, రెండు నెలలు ఎక్కడైనా సర్దుకో అనేవాడు. ఆవిడ సర్దుకునేది. అట్టపెట్టెలు కట్టడం, విప్పడం, మళ్ళీ కట్టడం. కొన్ని పెట్టెలైతే విప్పడమే మానేసింది, ఎలాగూ కట్టాలి కదా అని. ఒళ్ళు అలసిపోతే నిద్రపోతే సరిపోతుంది. మనసు అలసిపోతే ఏం చెయ్యాలో ఆవిడకు తెలియలేదు. ఇక ఎవరూ నన్ను లెమ్మనని చోటు ఒకటి కావాలి, అంతే, అనుకునేది.

అది దొరికింది. రోడ్డుకు లోపలగా, బాదంచెట్టు నీడలో, గుంజల మీద నిలబెట్టిన పాత చెక్క ఇల్లు. పైన రేకులు, గోడలకు వెలిసిన పచ్చరంగు. అది మిస్ ఇనెజ్ ఇల్లు. ఆవిడ జీవితమంతా తెల్లవారుజామున కొబ్బరి రొట్టెలు కాల్చి, బేసిన్ నెత్తిన పెట్టుకుని, ఒడ్డు పొడుగునా తిరిగి అమ్మి, పొద్దుగూకే వేళకు ఇల్లు చేరేది. పోయిన వానల్లో చనిపోయింది. పిల్లల్లేరు. లిమోన్ పట్నం రేవులో పనిచేసే మేనల్లుడు ఆల్‌స్టన్ సామాన్లతో సహా అమ్మేశాడు. సోలాంజ్ క్యూబెక్‌లోని చిన్న ఫ్లాటు అమ్మి, దాచుకున్నదంతా ఊడ్చి పెట్టింది. వెనక్కి పోవడానికి ఇక అక్కడేమీ లేదు.

తాళం చేతికిచ్చేటప్పుడు ఆల్‌స్టన్ గడప మీద కాసేపు నసిగాడు. ఏదో చెప్పబోయి మానేశాడు. చెబితే బేరం చెడుతుందేమోనన్న భయం ఒకటి, చదువుకున్నవాడు ఇలాంటివి నమ్ముతాడా అని ఆవిడ నవ్వుతుందేమోనన్న సిగ్గు ఒకటి. బస్సుకు టైమైందని వెళ్ళిపోయాడు.

లోపల అంతా కలగాపులగం. మంచం గది మధ్యలో అడ్డంగా ఉంది. బీరువా కిటికీకి అడ్డం పెట్టారు. అద్దం మొహం గోడవైపు తిరిగి ఉంది. మిస్ ఇనెజ్ ఊగే కుర్చీ వంటింట్లో, వంటబల్ల పడకగదిలో. నగలూ గట్రా ఉన్నాయేమోనని చుట్టాలు ఇల్లంతా తిరగేసి పోయారనుకుంది సోలాంజ్. ముసలామె పోయి ఏడాదైనా కాలేదు, ఎంత పేరాశ అని మనసులోనే తిట్టుకుంది.

పాత ఇళ్ళంటే ఆవిడకు ప్రాణం. కొన్న మర్నాడే గోడలకు తెల్లరంగు కొట్టి, పాత సామాను రోడ్డు మీద పారేసే తోటి తెల్లవాళ్ళంటే ఒళ్ళుమంట. తను అలా చెయ్యదు. నేలచెక్కల మీద ఎన్నో ఏళ్ళ గుర్తులున్నాయి: మంచంకోళ్ళు దిగబడిన గుంటలు, బీరువా కింద వెలవని రంగు, కుర్చీ ఊగి ఊగి అరిగిన చారలు. ఆ గుర్తులు చూసుకుంటూ మధ్యాహ్నమంతా ఒక్కతే ఈడ్చింది. మంచం తూర్పు కిటికీ కిందికి. కుర్చీ తలుపు పక్కకి. అద్దం తిన్నగా. చివరి మంచంకోడు దాని గుంటలో టక్కుమని కూర్చుంటే భలే తృప్తిగా అనిపించింది. మిస్ ఇనెజ్ చూస్తే మురిసిపోయేది పాపం, అనుకుంది.

ఆ సాయంత్రం పొద్దు వాలుతుండగా గేటు గొళ్ళెం చప్పుడైంది.

సోలాంజ్ వంటింట్లో అరటికాయలు వేయిస్తోంది. ఎవరో వచ్చారనుకుంది. గులకరాళ్ళ మీద అడుగులు, నెమ్మదిగా, ఒక కాలు కాస్త ఈడుస్తూ. తర్వాత మెట్ల పక్కనున్న కుళాయి తిప్పిన శబ్దం. నీళ్ళు పడుతున్నాయి. కాళ్ళు ఒకదానికొకటి రుద్దుకుంటూ కడుక్కుంటున్న సవ్వడి. సోలాంజ్ చెయ్యి తుడుచుకుని బయటికి వచ్చింది. ఎవరూ లేరు. కుళాయి కట్టేసి ఉంది. కింది మెట్టు మాత్రం తడిగా ఉంది. గాలిలో కొబ్బరి, అల్లం, కాస్త మాడిన రొట్టె వాసన.

పక్కింట్లో ఏదో కాలుస్తున్నారనుకుంది. పాత పైపులు కారుతుంటాయి, అదీ సహజమే. అనుకోవడానికి ఎన్నో ఉంటాయి మనిషికి.

మర్నాడూ అదే వేళకు ఆ చప్పుడు వచ్చింది. ఈసారి మెట్లు కూడా ఎక్కింది. తలుపు పక్కన ఊగే కుర్చీ కిర్రుమంది, బరువుగా ఎవరో కూలబడ్డట్టు. ఆ తర్వాత ఒక నిట్టూర్పు. సోలాంజ్ గది చివర నిలబడి వింది. నర్సుగా ఆ నిట్టూర్పు ఎన్నోసార్లు విన్నది. రోజంతా నిలబడిన కాళ్ళు ఒక్కసారి నేల వదిలినప్పుడు వచ్చేది అదే. కుర్చీ ఖాళీగా ఊగుతూనే ఉంది. భయం వేసింది. దానికన్నా ముందు, ఎందుకో, జాలి వేసింది.

ఆ పైన వాన పట్టింది. కరెంటు పోయింది. మధ్యాహ్నమే చీకటి మూసుకుంది. సోలాంజ్‌కి ఒళ్ళు వెచ్చబడింది, నడుము లాగేస్తోంది. మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకుంది. రేకుల మీద వాన తప్ప ఇంకేమీ వినబడటం లేదు.

గేటు.

గులకరాళ్ళు. కుళాయి. ఇంత వానలో కూడా కాళ్ళు కడుగుతోంది...

మెట్లు. కుర్చీ... కాదు, కుర్చీ దగ్గర ఆగలేదు. నేలచెక్కలు ఒక్కొక్కటిగా మూలుగుతున్నాయి. గదిలోకి. అల్లం వాసన. తడిసిన బట్ట వాసన. సోలాంజ్ కళ్ళు గట్టిగా మూసుకుంది. పరుపు వెనకవైపు కుంగింది... కాస్త... ఇంకాస్త. వీపుకు చల్లగా ఏదో తగిలింది. చెవి దగ్గర, బాగా అలిసిపోయిన గొంతు.

“కాస్త జరుగు.”

సోలాంజ్ జరిగింది. అదే ఆవిడను తర్వాత ఎక్కువ భయపెట్టింది. అరవలేదు, లేవలేదు, ఏళ్ళ తరబడి అలవాటైపోయినదానిలా గోడకు అంటుకుని చోటిచ్చింది. వెనక ఊపిరి లేదు. బరువు మాత్రం ఉంది. కరెంటు వచ్చి దీపం వెలిగేసరికి పరుపు మీద మనిషంత గుంట, తడి.

తెల్లవారగానే పక్కింటి మిస్ ఎనిడ్ దగ్గరికి పోయింది. ఎనిడ్ డెబ్భై దాటిన మనిషి, ఇనెజ్‌కి చిన్ననాటి నుంచీ జతగత్తె. సోలాంజ్‌ని మాత్రం అరవై దాటినా పిల్లా అనే పిలుస్తుంది. చెప్పిందంతా ఎనిడ్ వింది. కాఫీ పోసి ముందు తాగమంది.

“మంచం ఎక్కడుంది?” అని అడిగింది చివరికి.

తూర్పు కిటికీ కిందేనని సోలాంజ్ చెప్పగానే నుదురు కొట్టుకుంది. “చుట్టాలు దోచుకుపోయారనుకున్నావా? ఆ మంచం తిప్పింది నేను. ఈ నడుంతో.”

అప్పుడు చెప్పింది. మనిషి పోయాక తొమ్మిదో రాత్రి దాకా ఆ ప్రాణం ఇల్లు వదలదు. అందుకే ఆ రాత్రి ఊరంతా చేరుతుంది. పాటలు, వేయించిన చేపలు, రమ్ము, డామినోలు. మంచిగా సాగనంపి, చివర ఆ మనిషి గది మొత్తం తారుమారు చేస్తారు. తిరిగొచ్చినా ఇది మన ఇల్లు కాదనుకుని తన దారిన తను పోవాలి. తాతల కాలం నుంచీ ఇంతే.

“మేం దారి మూసి పంపిస్తే నువ్వు దీపం పెట్టి మరీ పిలిచావు” అంది. “తెల్లవాళ్ళు పాతది పారేస్తారని ఏడుస్తాం. పారెయ్యని నువ్వు ఇంకా నయమనుకున్నాను.”

ఏం చెయ్యాలని అడిగింది సోలాంజ్. అంతా మళ్ళీ తిప్పెయ్యమంది. నేను పెట్టినట్టు వద్దు, ఇనెజ్ అది చూసేసింది. కొత్తగా తిప్పు. సాయంత్రం వస్తుంది. గడప దగ్గర ఆగుతుంది. అడుగుతుంది. పలక్కు. ఏడ్చినా పలక్కు. ఒక్క మాటకు పలికితే ఇక జన్మలో పోదు.

“మరి ఆవిడ ఎక్కడికి పోతుంది?” అంది సోలాంజ్.

ఎనిడ్ ఆమెను ఎగాదిగా చూసింది. “నువ్వెక్కడికి పోతావు, అది చెప్పు ముందు.”

సోలాంజ్ లేచింది. ఇంటికొచ్చి మంచం లాగింది. తను ముచ్చటపడి కూర్చోబెట్టిన కోళ్ళను గుంటల్లోంచి పెకలించింది. మంచం తల పడమరకు, బీరువా తలుపు పక్కకు, కుర్చీ బోర్లించి మూలకు. అద్దం గుడ్డలో చుట్టేసింది. పొద్దు వాలేవేళకు తలుపు మూసి, గడియ పెట్టకుండా, వెనకాల నిలబడింది.

గేటు. గులకరాళ్ళు. కుళాయి. మెట్లు.

తలుపు కొద్దిగా తెరుచుకుంది. ఆగింది. ఎవరో లోపలికి తొంగి చూస్తున్నంతసేపు... వాన చినుకులు చూరు నుంచి పడుతున్నాయి.

“మా ఇల్లు కాదా ఇది?” చిన్నగా, తనలో తనే.

సోలాంజ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఎవరైనా ఉన్నారా అమ్మా... కాళ్ళు పీకుతున్నాయి. మా ఇల్లు ఎటు?”

ఆ గొంతులో కోపం లేదు. అది ఉంటే సోలాంజ్‌కి తేలికయ్యేది. డిసెంబరు ఎండలో పెట్టెలు పట్టుకుని గేటు గేటుకూ తిరిగి, గది ఉందా అని తను అడిగిన గొంతు అది. ఒక్క మాట నోటిదాకా వచ్చింది. ఇదేనమ్మా, లోపలికి రా. పళ్ళతో చెయ్యి కొరుక్కుంది. రక్తం ఉప్పగా తగిలింది. పలకలేదు.

అడుగులు మెట్లు దిగాయి. ఇల్లు చుట్టూ ఒకసారి తిరిగాయి, ప్రతి కిటికీ దగ్గరా ఆగుతూ. తర్వాత గేటు పడింది. సోలాంజ్ నేల మీద కూలబడి పసిపిల్లలా ఏడ్చింది. ఆ రాత్రి అక్కడే, చెక్కల మీదే, ఒళ్ళు తెలియని నిద్ర పోయింది.

ఆ తర్వాత ఎవరూ రాలేదు. వానలు తగ్గాయి. సోలాంజ్ ఏళ్ళుగా విప్పని పెట్టెలు విప్పింది. నీలం కప్పులు, తల్లి అల్లిన దుప్పటి, గవ్వల దీపం, అన్నిటికీ చోట్లు కుదిరాయి. డిసెంబరు వచ్చింది. టూరిస్టులు వచ్చారు. ఎవరూ ఆవిడను లెమ్మనలేదు. ఇనెజ్ గుర్తొచ్చినప్పుడు మనసు చివుక్కుమనేది. పోన్లే, ఎవరి దారి వాళ్ళది అనుకుని దుప్పటి మీదికి లాక్కునేది.

కరెంటు మీటరు తన పేరుకు మార్పించుకోవడానికి ఓ రోజు లిమోన్ వెళ్ళింది. ఆఫీసులో రోజంతా నిలబెట్టారు. బస్సు దిగేసరికి పొద్దు వాలుతోంది. కాళ్ళు సీసం పోసినట్టున్నాయి, ఒక కాలు ఈడ్చుకుంటూ నడిచింది. గేటు తీసింది. బురద కాళ్ళు కదా అని కుళాయి దగ్గర కడుక్కుంది. మెట్లెక్కి తలుపు తోసింది.

కొద్దిగానే తెరుచుకుంది.

లోపల దీపం వెలుగుతోంది. గవ్వల దీపం. కానీ అది నేల మీద ఉంది. మంచం తలుపుకు అడ్డంగా, బల్ల కిటికీకి ఆనించి. కప్పులన్నీ బోర్లించి వరసగా. దుప్పటి అద్దానికి చుట్టి ఉంది. అన్నీ తన వస్తువులే. ఏది ఎక్కడ ఉండాలో గుర్తు తెచ్చుకోబోయింది. గుర్తు రాలేదు. మంచం ఎటువైపు ఉండేది... పొద్దున అక్కడే కదా లేచింది. ఎంత తవ్వుకున్నా ఏ గదీ మనసులోకి రావడం లేదు.

“ఎవరు లోపల?” అంది. గొంతు తనకే వినబడనంత చిన్నగా వచ్చింది.

తలుపు వెనక ఎవరో నిలబడి ఉన్నారు, అల్లం, మాడిన రొట్టె వాసనతో. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పలకకుండా.

సోలాంజ్ వెనక్కి వెనక్కి మెట్లు దిగింది. ఇల్లు చుట్టి పక్కవైపు పరుగులాంటి నడకతో వెళ్ళింది. కంచె అవతల మిస్ ఎనిడ్ ఆరేసిన బట్టలు తీస్తోంది. అమ్మయ్య అనుకుని చేతులెత్తి పేరుపెట్టి పిలిచింది. ఎనిడ్‌కు వినబడింది. బట్టల బుట్ట కింద పెట్టి కంచె దాకా వచ్చి, కళ్ళు చికిలించి, సోలాంజ్ మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ తర్వాత దారి అడగడానికొచ్చే టూరిస్టులతో మాట్లాడేటప్పటి మర్యాదతో, నెమ్మదిగా అడిగింది.

“ఎవరింటికి వచ్చారమ్మా?”