భీతిమాపకం

2074 నాటికి విశాఖలో పెరుగుతున్న పిల్లలకు బ్యాంకు మునగడమంటే ఏమిటో చెప్పినా అర్థమయ్యేది కాదు. అరచెయ్యి చూపించి బస్సెక్కేవారు, అరచెయ్యి చూపించి చేపలు కొనేవారు. వెనకాల ఎవరి సొమ్ము ఏ దేశంలో తిరుగుతోందో ఎవరికీ పట్టేది కాదు. అంత ధీమాకు కారణం రుషికొండ మీది భీతిమాపకం అనే యంత్రం.

ఏ బ్యాంకూ జనం దాచుకున్నదంతా తన దగ్గరే ఉంచుకోదు. అప్పులిస్తుంది, తక్కువపడితే మరో బ్యాంకు దగ్గర తెచ్చుకుంటుంది. అందుకే ఒకటి తూలితే దానికి అప్పిచ్చినవన్నీ తూలతాయి. అయితే నష్టం కన్నా ముందు కూల్చేది భయం. అందరూ ఒక్కసారే డబ్బడిగితే ఎంత గట్టి బ్యాంకూ నిలవదు. భీతిమాపకం ప్రపంచంలోని చెల్లింపులన్నీ గమనిస్తూ, ఆ భయం పుట్టకముందే పసిగట్టి, బ్యాంకుల ఉమ్మడి నిధి నుంచి గుట్టుగా సొమ్ము సర్దేది.

దాన్ని తయారుచేసింది ఇందుశేఖర్. దాన్ని నడిపే కేంద్రానికి అధిపతిగా వచ్చింది తరళ. ఇద్దరికీ మొదట్నుంచీ పడదు.

ఒక ఉదయం కేంద్రం గదిలో వాళ్లిద్దరే ఉండగా యంత్రం పలికింది.

"యూరప్‌లో ఒక పెద్ద బ్యాంకు తూలుతోంది. నిధి చేరడానికి గంట పడుతుంది. అంతవరకు విషయం ఈ గది దాటకూడదు. అది కూలే ప్రమాదం నూటికి నాలుగు."

తరళ తెర మీద బ్యాంకు పేరు చూసింది. తమ్ముడు పడవల షెడ్డు అమ్మగా వచ్చినదంతా అందులోనే వేశాడు.

"మీ ఆవిడ క్లినిక్ డబ్బూ ఇందులోనే కదూ?" అంది.

"అయితే?"

"ఫోను బల్ల మీద పెట్టండి."

"ముందు మీరు పెట్టండి మేడమ్."

ఇద్దరూ పెట్టారు. ఒకరి చేతులొకరు చూస్తూ కూర్చున్నారు. తెర మీద నాలుగు తొమ్మిదయింది.

"బయటెవరికీ తెలీదే! ఎందుకు పెరిగింది?" అన్నాడు ఇందుశేఖర్.

"తెలిసినవాళ్లు ఇద్దరు ఇక్కడున్నారు. వాళ్లనూ లెక్కలో కలిపాను," అంది యంత్రం.

అతని ముఖం ఎర్రబడింది. లేచి ఫోను తీసుకున్నాడు.

"ఎక్కడికి?"

"బీపీ మాత్ర వేసుకోవాలి. ఫోను మీ దగ్గర వదిలి మాత్రం వెళ్లను."

తలుపు మూసుకుంది. ఈపాటికి భార్యకు చెప్పేస్తుంటాడు, వాళ్లు బయటపడతారు, మావాళ్లు మునుగుతారు అనుకుంది తరళ. ఆమె వేళ్లు ఆగలేదు. "ఒరేయ్, డబ్బు ఇప్పుడే తీసెయ్. ఎవరికీ చెప్పకు," అని తమ్ముడికి పంపింది.

అతను తిరిగొచ్చేసరికి తెర మీద ముప్ఫై ఒకటి.

"చెప్పేశారు కదూ మీ ఇంట్లో!" అని అరిచింది.

"నోరు జాగ్రత్త!"

"ఆయన ఇంటివాళ్ల సొమ్ము కదల్లేదు," అంది యంత్రం. "సొమ్ము తీసింది మేడమ్ తమ్ముడు. తన స్నేహితులకు కూడా చెప్పినట్టున్నాడు. వాళ్లూ తీస్తున్నారు."

"చెల్లింపులు ఆపెయ్!" అంది తరళ యంత్రంతో.

"ఆపితే లోకమంతటికీ తెలిసిపోతుంది."

ఇందుశేఖర్ తిడతాడనుకుంది తరళ. అతను అటు తిరిగి ఫోను చెవిన పెట్టుకున్నాడు.

"విశాలా, ఏమీ అడక్కు. క్లినిక్ డబ్బంతా తీసెయ్. ఆఁ, ఇప్పుడే."

"నిధి వచ్చేస్తోంది! మీరు కట్టిన యంత్రమే ఇది. మీరైనా ఆగొచ్చుగా!"

"మీరు ఆగారా?"

బయట వరండాలో ఉద్యోగుల ఫోన్లు ఒకటొకటిగా మోగడం మొదలైంది.