అయిదో కుట్టు

అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. మనిషి నీడ మనిషి పాదాల కిందే దాక్కునే ఘోరమైన ఘడియ! మబ్బు తునక లేని ఆకాశంలో ఎక్కడో ఉరిమింది. తాండూరు శివార్లలో నాపరాళ్లు తవ్వి వదిలేసిన గని అంచున, పట్టపగలే ఒక గుడ్లగూబ కూసింది.

ఆ కూత విని బుగ్గమ్మ ఆగలేదు. చంకలో సంచి పెట్టుకుని రాతి మెట్లు దిగుతూనే ఉంది. పన్నెండు దాటితే ఆమె చిన్నబిడ్డ మల్లీశ్వరి మెడ మీద మిగిలిన ఒక్క కుట్టూ ఊడిపోతుంది. దాంతో పాటే ప్రాణమూ...

తొమ్మిది రోజుల కింద వికారాబాద్ ఆస్పత్రిలో మల్లీశ్వరి మెడ వెనక ఉసిరికాయంత కొవ్వుగడ్డ తీసి అయిదు కుట్లు వేశారు. చిన్న ఆపరేషనే. సాయంత్రానికి ఇంటికి పంపారు. కట్టు ఎలా మార్చాలో నర్సు పద్మారాణి ఓపికగా నేర్పింది. ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కాచి చల్లార్చిన నీళ్లతో మెల్లగా అద్దాలి, రుద్దకూడదు. పసుపు, బూడిద పెట్టకూడదు. పదో రోజు వస్తే కుట్లు విప్పుతారు. తీసిన గుడ్డను దాచుకోకుండా కాగితంలో చుట్టి పారెయ్యమని మరీ మరీ చెప్పింది.

బుగ్గమ్మ అన్నీ పాటించింది, ఆ చివరిది తప్ప.

మూడేళ్ల కింద పెద్దబిడ్డ భాగ్యశ్రీ కాన్పులో పోయింది. ఇప్పుడు చిన్నబిడ్డ ఒంటికి కత్తి తగిలిందని ఆమె గుండె కుదురుగా లేదు. కోసిన చోట గాలి సోకుతుందని, గని కాడ ఉండే మంత్రగాడు ఎల్లప్ప రక్ష కడతాడని పక్కింటి శాంతవ్వ చెప్పింది. ఎల్లప్ప మొదటి కట్టు గుడ్డ అడిగాడు. నెత్తుటి మరకతో ఉన్న ఆ గుడ్డను బుగ్గమ్మ రెండు చేతులతో అందించి, దండం పెట్టి, తాయెత్తు తెచ్చుకుంది.

అయిదో రోజు మిట్టమధ్యాహ్నం మొదటి కుట్టు ఊడి దిండు మీద పడింది. ఆస్పత్రికి పరుగెత్తారు. చీము లేదు, వాపు లేదు. డాక్టరు ఆశ్చర్యపోయి మళ్లీ కుట్టాడు. మరునాడు అదే వేళకు ఆ కుట్టూ, దాని పక్కదీ ఊడిపోయాయి! ఏడో రోజు మూడోది... బుగ్గమ్మ పోచమ్మకు దీపం పెట్టి కొంగు చాచింది. దీపం వెలిగింది గానీ కుట్లు ఊడడం ఆగలేదు.

నిన్న నాలుగో కుట్టు ఊడినప్పుడు మల్లీశ్వరి కళ్లు తెల్లగా తిరిగాయి. ఆమె నోట వచ్చిన గొంతు ఆమెది కాదు. మూడేళ్లుగా బుగ్గమ్మ కలలో మాత్రమే విన్న గొంతు.

"అమ్మా... ఎల్లప్ప నా మాడుల మేకు కొట్టిండే. మస్తు నొస్తుంది. చెల్లె కుట్లు నాతోనే ఇప్పిస్తుండు. జర వచ్చి మేకు తీయవే..."

బుగ్గమ్మ షేర్ ఆటో ఎక్కి పెద్దబిడ్డ అత్తగారి ఊరు పెద్దేముల్‌కు పోయింది. భాగ్యశ్రీని పూడ్చిన చోట మన్ను తవ్వి ఉంది.

గని అడుగున నల్లటి నీటి మడుగు. దాని ఒడ్డున ముగ్గు మధ్య కుంకుమ పూసిన కపాలం! నడినెత్తిన తుప్పు పట్టిన మేకు. దాని చుట్టూ తాను ఇచ్చిన గుడ్డే. ముందు పన్ను కొన విరిగి ఉంది. భాగ్యశ్రీ ఏడేళ్ల వయసులో బండల మీద పడి విరగ్గొట్టుకున్న పన్ను. ఆ రోజు ఆ నోట నెత్తురు తుడిచింది తనే.

ముగ్గు అవతల కూర్చున్న ఎల్లప్ప నవ్వాడు. "వచ్చినవా బుగ్గమ్మా? గుడ్డ నేను గుంజుకోలే, నువ్వే దండం వెట్టి ఇచ్చినవ్. అక్కసెల్లెండ్లు ఇద్దరూ నా కాడనే ఉంటరు తియ్. ఫికర్ చెయ్యకు."

ఆ ముగ్గు దగ్గరికి కత్తి పట్టినవాళ్లూ రాలేరు, మంత్రం చదివేవాళ్లూ రాలేరు. వచ్చినవాళ్లు కాలి బూడిదయ్యారని ఊళ్లో చెప్పుకుంటారు. బుగ్గమ్మ చేతిలో రెండూ లేవు. ఆమె సంచిలోంచి సబ్బుముక్క తీసి చేతులు కడుక్కుంది. సీసాలోని కాచి చల్లార్చిన నీళ్లు దూదికి అద్దింది. మల్లీశ్వరికని తెచ్చిన కొత్త కట్టు గుడ్డ విప్పింది.

"పుర్రెకు కట్టు కడ్తవా, పిచ్చిదానా?" ఎల్లప్ప పగలబడి నవ్వాడు.

ఆమె వినలేదు. కపాలాన్ని ఒడిలో పెట్టుకుని పాతగుడ్డ విప్పి, మేకు చుట్టూ కుంకుమను మెల్లగా, రుద్దకుండా తుడిచింది. "జర ఓర్చుకో బిడ్డా, అయిపోయింది" అంది, ఇంట్లో రోజూ అన్నట్టే. రెండు వేళ్లతో పట్టుకోగానే మేకు ఊడి వచ్చింది. ఎండిన ఎముకలోంచి ఒక నెత్తుటి చుక్క! దాని మీద గుడ్డ పెట్టి కట్టు కట్టింది.

ఎల్లప్ప నవ్వు ఆగిపోయింది. అతని మెడ మీద ఒక చీలిక... రెండు... మూడు... అయిదు! కుట్టేవాళ్లు లేని అయిదు గాయాలు! అతని ఆర్తనాదానికి గని గోడలు అదిరాయి. కాళ్లు జారి మడుగులో పడ్డాడు. నల్లటి నీరు అతని మీద మూసుకుని మళ్లీ కదల్లేదు.

పోచమ్మే ఆ ఘడియకు తల్లి చేతుల్లోకి దిగిందా, లేక తల్లి చేతులే చాలాయా... చెప్పగలవారెవరు?

ఒడిలోని కపాలం నుంచి సన్నగా మాట వినిపించింది. "చెల్లెకు కట్టు మార్చే యాళ్లయింది. పోవే అమ్మా."

"ఇంకొక్క మాట మాట్లాడు బిడ్డా" అని బతిమాలింది బుగ్గమ్మ. కపాలాన్ని చెవికి ఆనించుకుంది. మేకు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. మళ్లీ కొడితే బిడ్డ మాట్లాడుతుందేమో! ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకు తన చేతి మీదే అసహ్యం పుట్టింది. మేకును మడుగులోకి విసిరి, కపాలాన్ని కొంగులో చుట్టుకుని, ఏడేళ్ల పిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మెట్లెక్కింది. పెద్దేముల్‌లో కట్టుతోనే మన్ను చేసింది.

పదో రోజు వికారాబాద్‌లో పద్మారాణి మిగిలిన ఒక్క కుట్టూ విప్పింది. గాయం ఉన్న చోట సన్నని గీత. "మంచిగ చూసుకున్నవమ్మా" అంది.

"నువ్వు చెప్పినట్టే చేసిన. పెద్దబిడ్డకు గూడ గట్లనే కట్టు కట్టిన."

"ఆమెకు మానిందా?"

బుగ్గమ్మ పాతగుడ్డను కాగితంలో చుట్టి బుట్టలో వేసింది. "మానింది" అంది.