పంపుహౌసు అరుగు మీద గొంతు

మల్కాపురంలో పొద్దుగూకాక పంపుహౌసు వైపు ఎవరూ వెళ్ళరు. రిఫైనరీ గోడ దాటాక, రైలు పట్టాల పక్కనున్న పాత నీళ్ళ పంపుహౌసు అది. మోటారు ఎప్పుడో పీకేశారు. తలుపుల్లేవు. ముందు ఓ పొడవాటి అరుగు, అంతే.

అక్కడ అప్పాయమ్మ ఉంటుందంటారు. కుళాయి లైన్లో నిలబడి నిలబడి, వంతు రాకుండానే ప్రాణం వదిలిన మనిషి. చీకటి పడ్డాక అటు వెళ్తే వెనకనుంచి మెల్లగా అడుగుతుందట— "నా వంతు వచ్చిందా…?"

"బావా, సుట్టు తిరిగైనా ఎల్లు గానీ అటు ఎల్లకు," అంటాడు స్టీల్ ప్లాంటులో నాతో పనిచేసే పోలిరాజు. వాళ్ళ చిన్నాన్న అటు వెళ్ళొచ్చి జ్వరంతో మంచం పట్టాడట.

నేను నవ్వేవాణ్ణి. ఎందుకంటే అప్పాయమ్మ అనే మనిషి పుట్టనూ లేదు, చావనూ లేదు. ఆ దెయ్యాన్ని కల్పించింది మా అమ్మ మహేశ్వరి. అమ్మ వారపత్రికలకి కథలు రాసేది. వంటింట్లో కాకరకాయలు వేయిస్తూ, "ఒరే దుర్గా, దెయ్యానికి ఏం పేరు పెడదాంరా?" అంటే, "అప్పాయమ్మ" అని చెప్పింది నేనే. బారసాల ఒక్కటే తక్కువ. కథ అచ్చయ్యేసరికి ఊరు ఊరంతా నిజమని నమ్మేసింది. కాబట్టి ఊరంతా భయపడినా నేను భయపడకూడదు.

అమ్మ మొన్న వేసవిలో పోయింది. కథలన్నీ బీరువాలో ఉన్నాయి. గొంతే లేదు. ఫోన్లో మెసేజి నోటితో చెప్పి పంపమ్మా అంటే, "కథలు రాసుకునే దాన్ని పట్టుకుని అదేం మాటరా" అని కామాలూ ఫుల్‌స్టాపులతో సహా టైపు చేసేది. నా ఫోన్లో మా కుక్క మొరిగిన వీడియోలు బోలెడున్నాయి. అమ్మ మాట ఒక్కటీ లేదు. ఈమధ్య కళ్ళు మూసుకుని ఆ గొంతు గుర్తు చేసుకుందామన్నా రావడం లేదు. అమ్మ రెండోసారి పోతున్నట్టుంది. దానికి మాత్రం నిజంగానే భయపడ్డాను.

ఓరోజు చీకటి పడ్డాక డ్యూటీ నుంచి వస్తుంటే బండి ఆగింది. పెట్రోలు లేదు. సాక్షాత్తూ పెట్రోలు తయారయ్యే గోడ పక్కనే పెట్రోలు అయిపోయిన మగాడు విశాఖపట్నం మొత్తం మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను. దగ్గర దారి పంపుహౌసు మీదుగానే. తోసుకుంటూ బయల్దేరాను.

సగం దూరం వెళ్ళేసరికి… కరెంటు పోయింది. రిఫైనరీ వెలుతురు గోడ అవతలే ఆగిపోయింది. ఇవతల చిమ్మచీకటి.

భయమా? అబ్బే. ఊరికే ఈలపాట మొదలెట్టాను. పెదాలెండిపోయి గాలే వచ్చింది.

పంపుహౌసు దగ్గరికొచ్చాను… అరుగు మీద ఎవరో ఉన్నారు. కనబడటం లేదు. వినబడుతోంది—

"…బిందె కింద పెట్టలేదండి. చంకనెట్టుకునే నిలబడింది, ఆయ్. ఇంతలో ఏమైందంటే…"

అమ్మ గొంతు.

నాన్నకి పోర్టులో ఉద్యోగమొచ్చి గోదావరి జిల్లా వదిలినా, చివరిదాకా వదలని ఆ "అండి", ఆ "ఆయ్". అసలు సంగతి చెప్పే ముందు ఓసారి ఆగి ఊపిరి పీల్చుకోవడం. ఆ ఊపిరి కూడా అమ్మదే!

ఇన్నాళ్ళూ ఏ గొంతు కోసం అల్లాడిపోయానో, అదే గొంతు పక్కనే వినబడుతుంటే కన్నకొడుకు ఏం చెయ్యాలి? "అమ్మా" అని పరుగెత్తాలి. పరుగైతే తీయబోయాను. అటు కాదు, ఇటు. బండి వదిలేసేసరికి అది నా కాలి మీదే పడింది. "సింహాద్రప్పన్నా!" అని నేను పెట్టిన కేకకి గొంతు ఆగిపోయింది.

ఫోన్ లైట్లు వెలిగాయి. అరుగు నిండా ఆడవాళ్ళు. మధ్యలో మా ఇంటికి చేపలు తెచ్చే చిట్టెమ్మ.

"ఎవులది? ఓలమ్మ, రైటరమ్మగారి కొడుకు! ఏటి బాబూ, కింద కూకున్నావ్?"

"కూచోలేదు… పడ్డాను," అన్నాను. బండి లేపి, నన్నూ లేపారు.

"ఇక్కడ… అప్పాయమ్మ కదా… మీరెలా…?"

అందరూ ఒకటే నవ్వు.

"ఈ అరుగు మీద మొగోల్లు పేకాటా, తాగుడూ బాబూ. ఆడోల్లం ఓ గడియ కూకుందారంటే సోటుండీది కాదు. మీయమ్మగారితో సెప్పుకుని ఏడిసినాం. 'ఉండండే, నేను ఖాళీ చేయిస్తాను' అన్నాది. కత రాసినాది. పేపర్లో పడ్డాదో లేదో, ఒక్క మొగోడు కనబడితే ఒట్టు! ఆయమ్మా వచ్చి మాతో కూకునీది. కొత్త కత రాస్తే ముందు మాకే సెప్పీది. మేం ఇని ఊఁ అంటేనే పేపరుకి పంపీది."

సాయంత్రాలు "అలా గాలికి వెళ్ళొస్తాను" అనేది అమ్మ. గాలి ఇక్కడన్నమాట. దెయ్యానికి పేరు పెట్టిన నాకు, అది ఎందుకు పుట్టిందో ఇవాళ్టిదాకా తెలీదు.

"మరి ఇప్పుడు కథ చెప్పిందెవరు?"

"నానే."

"ఏదీ, మళ్ళీ చెప్పు."

చెప్పింది. "బిందె కింద ఎట్నేదు…" చేపలమ్మి అమ్మి బొంగురుపోయిన గొంతు. అందులో "అండి" లేదు, "ఆయ్" లేదు.

"ఇందాక విన్నది ఈ గొంతు కాదు," అన్నాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు. చిట్టెమ్మ కొంగు భుజం మీదకి లాక్కుని, గుసగుసగా అంది— "లైటుంటే రాదు బాబూ. సీకటైతే… నోరు నాదే. గొంతే ఆయమ్మది. మా అందరికీ అలాగే ఇనబడతాది."

మళ్ళీ పారిపోవాలనే అనిపించింది, అబద్ధం ఎందుకు. కానీ కాళ్ళు అరుగెక్కాయి. వాళ్ళ మధ్య చోటు చేసుకుని కూచున్నాను.

"ఆ లైట్లు ఆర్పెయ్యండమ్మా," అన్నాను.

ఒక్కొక్కటే ఆరాయి… చీకటి… పక్కన ఎవరో ఆగి, ఊపిరి పీల్చుకున్నారు—

"కాలికి దెబ్బ గట్టిగా తగిలిందేంట్రా…"

కరెంటు వచ్చేసింది. వీధి దీపాలూ, టీవీలూ, ఫ్యాన్లూ అన్నీ ఒక్కసారే. మల్కాపురం మొత్తం "హేయ్!" అని సంబరంగా అరిచింది. నేనొక్కణ్ణే మొహం చేతుల్లో పెట్టుకుని భోరున ఏడ్చాను.

చిట్టెమ్మ నా వీపు నిమిరింది.

"ఊరుకో బాబూ," అంది. "రేపు మల్లీ పోతాది కదా, కరెంటు."