తోక తెగిన లింకు

పొద్దున్నే టిఫిను దగ్గర కాశిం సాహెబ్ కూతురికి తేల్చి చెప్పేశాడు.

"అఖ్సా, రేపట్నించి నువ్వు అంగడికి రావద్దు. ఆన్‌లైన్ పని మీ అన్న అజ్మల్ సూసుకుంటాడు."

అఖ్సా చేతిలో దోసె ముక్క అలాగే ఉండిపోయింది. చిత్తూరులో వాళ్లది పెళ్లిబట్టల అంగడి. దానికి వెబ్‌సైట్ పెట్టించింది ఆమే. ఎవరు పంపిన లింకుకు ఎంత గిరాకీ వచ్చిందో తెలియాలని ప్రతి లింకు చివరా పంపినవారి పేరు గుర్తుగా తగిలించిందీ ఆమే. ఆ గుర్తే ఇప్పుడు ఆమె మెడకు చుట్టుకుంది.

"ఎందుకు రావద్దు అబ్బా?"

"మీ అన్న పెట్టిన ప్రకటన సూసి జనం వచ్చినారు. నీ పేరు మీద ఒక్కరన్నా వచ్చినారా?"

అజ్మల్ ల్యాప్‌టాప్ తిప్పి చూపించాడు. అఖ్సా పేరు ఎదురుగా సున్నా. అన్న ముసిముసి నవ్వు చూసి ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"మరి మన బట్టలు కొన్న గూడూరు ఆడోళ్లంతా యాడ నుంచి ఊడిపడినారు? నా లింకు అమ్మీ వాట్సాప్ గ్రూపుల్లో పెడతానే ఉండాది కదా!"

"వాళ్లు ఏ లింకులో వచ్చినారో తెలీదని సూపిస్తా ఉండాది," అన్నాడు అజ్మల్.

"అమ్మీ, నీ ఫోనియ్యి."

షరీఫున్నీసా ఫోన్‌ను కొంగు చాటుకు తీసుకుంది. అఖ్సా లాక్కుని చూసింది. తాను పంపిన లింకు పొడుగ్గా ఉంది. అమ్మ గ్రూపుల్లో పెట్టిన లింకులన్నీ పొట్టిగా ఉన్నాయి. చివర తన పేరు లేదు.

"నువ్వా అమ్మీ!"

"నేనే తుడిపినా! పెళ్లి కావాల్సిన పిల్ల పేరు ఊళ్లోళ్ల ఫోన్లలో తిరగొచ్చునా? దాంతో లెక్క కూడా పోతాదని నాకేం తెలుసు?"

"అన్న పేరు తిరగొచ్చు, నాది తిరిగితే పరువు పోతాదా? రాత్రీ పగలూ సచ్చేట్టు పని చేసినాను. మీకు నా పని కావల్ల, పేరు మాత్రం వద్దు!"

అఖ్సా కంచం విసురుగా నెట్టేసింది. కాశిం సాహెబ్‌కు అంగడి బోర్డు గుర్తొచ్చింది. 'కాశిం అండ్ సన్' అని రాయించింది తానే. భార్యను తిట్టబోయిన నోరు మూతబడింది.

"తెములు బేటీ. అంగడికి పొద్దయితా ఉండాది," అన్నాడు చివరికి.

అఖ్సా కదల్లేదు.

షరీఫున్నీసా కళ్లద్దాలు పెట్టుకుంది. కూతురు పంపిన లింకును ఈసారి ఒక్క అక్షరం కూడా ముట్టుకోకుండా గ్రూపులో పెట్టింది. తరువాత ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని వాయిస్ మెసేజ్ పెట్టింది:

"దీని చివర ఉండే పేరు నా కూతురిది. తుడపకండా అందరికీ పంపండమ్మా."

అప్పుడు ఏడ్చింది అఖ్సా.