ఎగరని కొంగు

పెట్టె ఉంది. పెట్టెలో కాసులపేరు లేదు.

సబ్ ఇన్‌స్పెక్టర్ ఈశ్వరరావు ఆ ఖాళీ ఇత్తడి పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన ప్యాంటు నడుం దాకా తడిసి ఉంది. ఆ ఇంట్లోకి ఆయన వచ్చింది గుమ్మంలోంచి కాదు, మేడ కిటికీలోంచి. గుమ్మం నీళ్ళ కింద ఉంది మరి.

శబరి ఏరు పొంగిన ఏడాది అది. ఒడ్డునున్న కుంట ఊళ్ళో బజారు బజారంతా నీళ్ళలో మునిగింది. సుక్మా వెళ్ళే రోడ్డు లేదు. అవతలి ఒడ్డుకు పడవ లేదు. ఫోన్ తీగలు తెగి ఎక్కడ పడ్డాయో తెలియదు. ధర్మయ్య బట్టల కొట్టు కప్పు దాకా మునిగిపోయి, మేడ మీద ఒక పెద్ద గదీ, దాని పక్కన ఒక చిన్న సామాన్ల గదీ మిగిలాయి. నిన్నటి నుంచి వండుకోవడం, తినడం, పడుకోవడం, ఒకరి మొహం ఒకరు చూసుకుని విసుక్కోవడం, అన్నీ అక్కడే. వాన జల్లు కొడుతుందని కిటికీలు మూశారు. లోపల తడి బట్టల వాసన. గంజి వాసన. ఊపిరి కూడా ఒకరు వదిలింది ఇంకొకరు పీల్చుకోవాల్సిందే.

"ఎవరి మీద అనుమానం?" ఈశ్వరరావు అడిగాడు.

"అనుమానమేంది సాబ్? దొంగ దొరికింది. ఆ గదిలో ఏసి గొళ్ళెం పెట్టిన," అన్నాడు ధర్మయ్య. "మధ్యాహ్నం మీ మోటారు పడవ మళ్ళ వస్తది గదా. ఎక్కించుకొని పోండి. ఎట్ల కక్కించాలో మీకు తెల్వనిదా?"

దొంగ అన్నది సోమిని. మరైగూడ పిల్ల. కొట్టులో తానులు మడతపెట్టే పనిలో ఉంటుంది.

ఈశ్వరరావు ఆ గొళ్ళెం వైపు చూశాడు. తలుపు వెనక చప్పుడు లేదు. మోటారు పడవ ఎక్కితే తర్వాత జగదల్‌పూర్ జైలు. జామీను ఇచ్చే దిక్కు ఉండదు. కోర్టులో మాట్లాడే భాష రాదు. అలా వెళ్ళిన పిల్లల్ని ఆయన ఎరుగు. తిరిగొచ్చేసరికి సొంత ఊరి వాళ్ళే పోల్చుకోలేరు.

పడవ వచ్చేలోగా తేల్చాలి.

"ముందు జరిగింది చెప్పండి. నిన్న ఆ పిల్లకి చీరలు కట్టి ఫోటోలు తీశారట, ఎందుకు?"

"క్యాలెండర్ కోసం సాబ్. దీపావళికి మా కొట్టు పేరుతో అచ్చేయిద్దామని. మా దగ్గర ఉండేదంతా చవక వాయిల్ చీరలు. అవే పట్టుచీరల్లెక్క కనపడాలె. అందుకే రాజమండ్రి నుంచి ఈయన్ని పిలిపించిన."

ఈయన అంటే ఫోటోగ్రాఫర్ శ్రీరంగం. సన్నగా, పొడుగ్గా, కెమెరా సంచిని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని మూలన కూర్చున్నాడు.

"వాయిల్‌ని పట్టులా చూపించడం ఎలాగయ్యా?"

"అదే కదండీ నా బతుకు!" శ్రీరంగం మొహం వెలిగింది. "ముందు గంజి దట్టంగా పెట్టిస్తానండి. అంచుకి బంగారు కాగితం అంటిస్తాను. ఫోటోలో అది జరీయే. జాకెట్టు వదులుగా ఉంటే వెనకాల బట్టల క్లిప్పులు. కెమెరాకి వీపుతో పనేముందండీ? కుచ్చిళ్ళు, భుజం, అన్నీ వెనక తెరకి పిన్నులతో గుచ్చేస్తాం. పిల్ల కదిలిందంటే పనంతా పోయిందే."

"అంతేనా?"

"అసలు సంగతి బరువండి. పట్టు బరువుగా జారుద్ది. వాయిల్ చిన్న గాలికే లేచిపోద్ది. అందుకని కొంగు అంచు మడిచి, లోపల సీసపు గుళ్ళు పెట్టి కుట్టిస్తాను. చేపల వల అంచుకి కడతారు చూడండి, అవే. ఆ సోమి అన్న హుంగా వలలోవి అడిగి తెచ్చాం."

"కుట్టింది నువ్వేనా?"

"నాకు సూదిలో దారం ఎక్కించడమే రాదండి. వరమ్మగారు కుట్టారు."

వరమ్మ ధర్మయ్య చెల్లెలు. మొగుడు పోయి, అన్న పంచన ఉంటోంది. పొయ్యి దగ్గర తడి కట్టెలు ఊదుతూ, పొగలోంచి ఒకసారి తలెత్తి చూసి మళ్ళీ దించుకుంది.

"గుళ్ళు ఇప్పుడు ఎక్కడున్నాయి?"

"అదిగో, ఆ డబ్బాలో. ఫోటో అయ్యాక విప్పి తీసేశారు. హుంగాకి తిరిగి ఇవ్వాలి కదండీ."

కిటికీ పక్కన తాడు కట్టి ఫోటో చీరలన్నీ ఆరేశారు. ఆకుపచ్చ, పసుపు, నీలం, అన్నిటికీ చివర ఎర్రది. మూసిన గదిలో అన్నీ ఒకేలా వేలాడుతున్నాయి. ఈశ్వరరావు వాటిని దాటుకుని, ధర్మయ్య భార్య అన్నపూర్ణమ్మ ముందు కూర్చున్నాడు. ఆవిడ చేతుల నిండా గాజులు. చెయ్యి కదిపితే చాలు, గలగల.

"కాసులపేరు చివరిసారి చూసింది మీరేనా అమ్మా?"

"నేనే బాబూ. ఎర్ర చీర ఫోటో అయిపోయినంక నా చేత్తోనే సోమి మెడలోంచి తీసిన. తెర వెనక ఈ పెట్టెలో పెట్టిన. అప్పుడే కింద నుంచి కేక! కొట్లోకి నీళ్ళొచ్చినయని. కరెంటు కూడా పోయె. తానులు తడుస్తయని అందరం కిందికి ఉరికినం. మోసుడు, దింపుడు, మళ్ళ మోసుడు. నా నడుం ఇప్పటికీ పట్టుకొనే ఉన్నది."

"అందరూ అంటే?"

"నేను, మా ఆయన, మా ఆడబిడ్డ, ఈ ఫోటో ఆయన. నలుగురం తలా ఇన్నిసార్లు పైకి తెచ్చి పడేసినం."

"సోమి?"

"అదొక్కతే పైన ఉన్నది. మరి అదే గదా! పైగా ఆ హుంగాగాడు చిన్న డోంగీ పడవ వేసుకొని కిటికీ కిందకొచ్చి కేకేసిండు. ఇది బదులు చెప్పింది. నా చెవులతో విన్న. ఇంకేం కావాలె? కిటికీలోంచి వాడి చేతిలో పడేసింది!"

"పోయిందని ఎప్పుడు తెలిసింది?"

"పడుకునే ముందు పెట్టె తెరిస్తే ఖాళీ. అందరి మూటలు, ముల్లెలు విప్పించిన. మా ఆడబిడ్డ నడుం కూడా తడిమి చూసిన, తప్పు పట్టుకోకే వరమ్మా! పాపం, అంత గోలలో కూడా అది లాంతరు ముందు కూర్చొని సూది వదల్లే. గుళ్ళు ఇప్పదీస్తనని ఎర్ర చీర పట్టుకొని కూర్చుంది. దాన్ని ఇమ్మని అన్నను అడిగింది కూడా. ఎర్ర చీర నీకెందుకే అంటే, బొంతకు పనికొస్తది వదినా అన్నది."

ఈశ్వరరావు పెన్ను తిప్పుతున్నవాడల్లా ఆపాడు. మళ్ళీ తిప్పసాగాడు.

లేచి వెళ్ళి గొళ్ళెం తీశాడు.

సామాన్ల గదిలో ఇంత వెలుతురు పడగానే సోమి కళ్ళు మూసుకుంది. పప్పు బస్తాల మధ్య, కాళ్ళు చాపుకునే చోటు లేక ముడుచుకుని కూర్చుంది. మొహానికి నిన్నటి పౌడరు అలాగే ఉంది. పెదాలకి రంగు. రాత్రంతా ఆ రంగుతోనే ఏడ్చినట్టుంది, గడ్డం దాకా కారింది.

"మీ అన్న ఎందుకొచ్చాడమ్మా నిన్న?"

"గుళ్ళకు సారూ. వరదలో చేప బాగ పడతది, వల కావాలన్నడు. రేపు రా అన్న."

"కిటికీ దగ్గరికి వెళ్ళి చెప్పావా?"

సోమికి నవ్వొచ్చినంత పనైంది. "ఎట్ల పోత? నన్ను తెరకు గుచ్చి పెట్టిండ్రు గదా. ఉన్నకాడ్నుంచే కేకేసిన. అందరు కిందికి ఉరికిండ్రు, నన్ను మరిచిండ్రు. నీళ్ళ చప్పుడు ఇనపడతాంది. మెట్లెక్కి పైకొస్తే నేను అట్లనే మునిగిపోత అనుకున్న."

ఈశ్వరరావు వెనక్కి తిరిగాడు. "శ్రీరంగం! మీరు పైకి వచ్చేసరికి పిన్నులు ఎలా ఉన్నాయి?"

"ఎక్కడివి అక్కడే ఉన్నాయండి. వీపు మధ్యలో గుచ్చినవి ఆ పిల్ల చేతికి అందవు. వరమ్మగారే ఒక్కోటీ తీశారు."

"మరి నిన్నే ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

"ఆ పిల్ల కాకపోతే ఇంట్లో పరాయివాణ్ణి నేనొక్కణ్ణే కదండీ!"

"బాగుందయ్యా." ఈశ్వరరావు మళ్ళీ సోమి వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. "నీ వెనక తెర. తెర వెనక పెట్టె. అక్కడికి ఎవరైనా వచ్చారా?"

"వచ్చిండ్రు."

"ఎవరు?"

"తల తిప్పరాలే సారూ. చీకటి. కత్తెర చప్పుడు అయింది. ఒక్కపారి."

"గాజుల చప్పుడు?"

సోమి తల అడ్డంగా ఊపింది. ఊపుతూ పొయ్యి వైపు చూడకుండా ఉండాలని చూసింది. చూడకుండా ఉండలేకపోయింది.

కిటికీ కింద తెడ్డు చప్పుడైంది. "సోమీ!" అని కేక.

"హుంగా వచ్చాడు," అన్నాడు ఈశ్వరరావు. "అందరూ ఇటు రండి."

డబ్బాను కిటికీలోంచి కిందికి అందించాడు. "చూసుకో హుంగా. అన్నీ ఉన్నాయా?"

డోంగీలో నిలబడ్డ హుంగా గుళ్ళు అరచేతిలో పోసుకుని చూశాడు. "అన్ని ఉన్నయి సారూ. మా చెల్లె ఏది? ఎందుకు ఏడిపిస్తుండ్రు?"

"కాసేపు ఆగు."

వాన తెరిపిచ్చింది. ఈశ్వరరావు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు. ఎదుటి కిటికీ కూడా తెరిచాడు. ఏటి మీది గాలి ఒక్క ఉదుటున గదిలోకి దూకింది. నిన్నటి నుంచి మగ్గిన గది, గుండె నిండా ఊపిరి పీల్చుకుంది.

తాడు మీద చీరలు లేచాయి. ఆకుపచ్చది లేచి ధర్మయ్య మొహానికి కొట్టింది. పసుపుది కప్పు తాకింది. నీలంది తాడు వదిలి పారిపోతానన్నట్టు కొట్టుకుంది.

ఎర్ర చీర నడుం ఊగింది. కొంగు మాత్రం ఉన్నచోటు నుంచి కదల్లేదు. గోడకు తగిలించిన తలుపులా నిలువుగా, నిండుగా, పట్టుచీర కంటే హుందాగా వేలాడింది.

"తడుస్తది," అంటూ వరమ్మ చటుక్కున వెళ్ళి దాన్ని తాడు మీంచి లాగబోయింది. ఆ ఒక్కదాన్నే.

"వాన లేదమ్మా," అన్నాడు ఈశ్వరరావు మెల్లగా.

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"శ్రీరంగం, వాయిల్ చిన్న గాలికే లేస్తుందన్నావు. గుళ్ళన్నీ హుంగా చేతిలో ఉన్నాయి. మరి ఈ కొంగుకి బరువు ఎక్కడిది? అన్నపూర్ణమ్మగారూ, మీ ఆడబిడ్డ కుట్లు విప్పుతూ సూది వదల్లేదన్నారు. విప్పడానికి బ్లేడు చాలు. సూది ఎందుకు? తెర వెనక కత్తెర కాసులపేరు దారాన్ని తెంపింది, ఈ సూది కాసుల్ని అంచులో కుట్టింది. మీరు మూటలు వెతుకుతున్నంతసేపూ కాసులు మీ కళ్ళ ముందే, లాంతరు వెలుగులోనే ఉన్నాయి."

ఆయన అంచు మీద బ్లేడు ఆనించాడు. కుట్టు తెగింది. ఒక బంగారు కాసు నేల మీద పడి దొర్లింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత వరసగా జారాయి.

"ఓసి నీ చేతులు పడిపోను!" అన్నపూర్ణమ్మ గాజులు గల్లుమన్నాయి. "తిన్న ఇంట్లోనే దొంగతనమా?"

"దొంగతనమా వదినా?" వరమ్మ మొదటిసారి గొంతెత్తింది. పొగకు ఎర్రబడ్డ కళ్ళు. "మా అత్త నా మెడలో ఏసిన పేరు అది. ఆయన పోయిన పన్నెండో నాడు నువ్వే తీసినవు. జాగర్త చేస్తనన్నవు. ఆ జాగర్త అప్పటి సంది నీ మెడలోనే ఉన్నది! అడిగితే, ముండమోపికి కాసులెందుకే అన్నవు. భద్రాచలం పోయి కుట్టుమిషన్ పెట్టుకుందమనుకున్న. ఈ పొయ్యి కాడ్నుంచి లేద్దమనుకున్న. లేచిన నాడే ఏరొచ్చి తలుపు మూసింది."

ఈశ్వరరావు ధర్మయ్యను చూశాడు. "నిజమేనా?"

ధర్మయ్య నేల మీది కాసుల్ని చూశాడు. "ఇంటి పరువు సాబ్..."

"నిజమేనా అని అడిగాను."

"నిజమే."

"ఎవరి సొమ్ము వాళ్ళు కుట్టుకుంటే దానికి చట్టంలో ఏ దఫా లేదు. ఆడపిల్లని గాలాడని గదిలో వేసి గొళ్ళెం పెట్టినందుకు మాత్రం ఉంది. అది మీ మీద." ఆయన వరమ్మ వైపు తిరిగాడు. "నీ మీద ఏ దఫా రాయాలో నాకు తెలియడం లేదమ్మా. ఆ పిల్ల రాత్రంతా లోపల ఏడ్చింది. నువ్వు ఇవతల విన్నావు."

వరమ్మ సోమి ముందుకు వెళ్ళి నిలబడింది.

"నువ్వు తెరకు గుచ్చి ఉన్నవు గదా, నీ మీదికి రాదనుకున్ననే. కాసులపేరు ఏట్లో పడి పోయిందనుకుంటరు అనుకున్న. నీ మీదికి వచ్చినంక చెప్దమనుకున్న. నోరు పెగల్లే."

సోమి చీర కొంగుతో పెదాల రంగు తుడుచుకుంది. పూర్తిగా పోలేదు. కిటికీ గడప మీద కూర్చుని, అన్న చెయ్యి అందుకుని, డోంగీలోకి దిగింది.

వరమ్మ కాసులు ఏరుకుని కొంగున ముడేసుకుంది. అన్న ఆపలేదు. వదిన గోడ వైపు తిరిగింది. కిటికీ దగ్గరికి వచ్చి కిందికి చూసింది వరమ్మ. చుట్టూ ఎర్రటి నీళ్ళు. మధ్యలో ఆ ఒక్క డోంగీ.

"హుంగా, ఇంకొక మనిషికి చోటున్నదా?"

హుంగా చెల్లెలి మొహం చూశాడు. చెప్పాల్సింది తను కాదని అతనికీ తెలుసు.

సోమి తలెత్తింది. కిటికీలోని వరమ్మను చూసింది.

"ఎక్కు," అంది. "నా ఎదురుంగ మాత్రం కూసోకు. ఎనక కూసో. నిన్న కూడ నా ఎనకనే ఉన్నవు గదా."