తలుపున్న ఇల్లు

పాత గండివలస వైపు చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళరు.

కొండల మధ్య రిజర్వాయరు కట్టినప్పుడు ఖాళీ చేయించిన ఊళ్ళలో అదొకటి. వెళ్ళిపోయినవాళ్ళు తలుపులు, కిటికీలు ఊడబెరుక్కుని కొత్త కాలనీకి పట్టుకుపోయారు. మిగిలినవి గోడలే. కానీ ఊరి చివర వరసలో ఒక్క ఇంటికి మాత్రం ఇంకా తలుపు ఉంది. ఆ తలుపు దానంతటదే మూసుకుంటుందనీ, లోపలున్నవాళ్ళకి తెల్లారేదాకా తెరుచుకోదనీ చెప్పుకుంటారు. చేపలకని వచ్చిన ఇద్దరు ఒక రాత్రి అందులో చిక్కుకుని, ఆ తరవాత ఆ నీళ్ళలో వల వెయ్యడమే మానేశారట.

ఇవేవీ తెలియకుండా ఆ ఇంట్లో అడుగుపెట్టింది మా పద్మకుమారి వదిన. తను చెప్పిందే చెప్తున్నాను.

వదిన భర్త ధనరాజ్‌కి పాతపట్నంలో స్టీలు సామాన్ల కొట్టు. పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి శ్రీముఖలింగం గుడికి తప్ప ఎక్కడికీ పోలేదు. ఒక్కపూట కొట్టు కట్టేసినా వచ్చేవాళ్ళు పక్క కొట్టుకి అలవాటుపడిపోతారని ఆయన బెంగ. ఆ ఏడు వానలు బాగా పడి, పాత గండివలస వైపు లోయలో మూడు చెరువులూ నిండాయి. ఎవరి ఫోన్లో చూసినా ఆ వీడియోలే. వదిన పట్టుబట్టింది. పిల్లల్ని అత్తగారి దగ్గర ఉంచి, ఒక ఆదివారం ఇద్దరూ కారులో బయల్దేరారు.

చూడాల్సిన చోటేనట. కొండల నడుం దాకా మబ్బు. కింద ఒకదాని వెనక ఒకటి చెరువులు, గట్ల వెంబడి చిన్న చిన్న ఊళ్ళు, పొట్ట మీదున్న వరిచేలు. ధనరాజ్ ఆ రోజంతా కొట్టు మాట ఎత్తలేదు. ఇంకాసేపు, ఇంకాసేపు అంటూ వదినే ఆలస్యం చేసింది.

తిరుగుదారిలో వాన పట్టుకుంది.

దారికి అడ్డంగా పారే గెడ్డ పొంగి, కల్వర్టు కనబడకుండా పోయింది. కారు వెనక్కి తిప్పారు. వచ్చిన దారి మీదికి చెరువు ఎక్కేసింది. ముందూ నీళ్ళే, వెనకా నీళ్ళే. మధ్యలో మిట్ట మీద... మనిషి లేని ఊరు.

ఫోన్లో సిగ్నల్ లేదు. ఆపిన కారు కింద మట్టి కొంచెం కొంచెంగా జారుతోంది. అందులో కూర్చోవడానికి ధైర్యం చాలక దిగేశారు. తడుస్తూ ఊళ్ళోకి నడిచారు. ఏ ఇల్లు చూసినా గుమ్మాల చోట నల్లటి కంతలే. చివరి వరసలో పెంకులు మిగిలిన ఇల్లొకటి కనిపించింది. దానికి తలుపు కూడా ఉంది. తోస్తే తెరుచుకుంది.

లోపల ఒకటే గది. కిటికీలు ఇటుకలతో మూసేసి ఉన్నాయి. నేల పొడిగా ఉంది — వదిన మాటల్లో చెప్పాలంటే, తుడిచినట్టుగా ఉంది. అది చూసి సంతోషించాలో భయపడాలో తెలియలేదట.

తడి బట్టల్తో గోడకి ఆనుకుని కూర్చున్నారు. ధనరాజ్‌కి పాత దగ్గు. తడిస్తే తిరగబెడుతుంది. మొదలైంది.

అప్పుడు తలుపు మూసుకుంది.

గాలికేమో అనుకున్నారు. కానీ ఆ వెంటనే బయట గొళ్ళెం పడ్డ చప్పుడు... ఇనుము మీద ఇనుము. గాలి తలుపు వేస్తుంది గానీ గొళ్ళెం పెట్టదు.

ధనరాజ్ లేచి తలుపు లాగాడు. భుజం పెట్టి తోశాడు. కదల్లేదు. ఎవరది, ఎవరక్కడ అని అరవబోయాడు. సరిగ్గా అప్పుడే, తలుపు వైపు నుంచి కాదు, పక్క గోడలోంచి మాట వినిపించింది.

"మాటాడకండి... కదలకుండా కూకోండి."

ఆడగొంతు. ముసలి గొంతు. గుసగుస.

గోడ మధ్యలో దీపం పెట్టుకునే గూడు ఉంది. మాట అందులోంచి వచ్చింది. వదిన ఫోన్ లైటు అటు తిప్పబోతే గొంతు మళ్ళీ అంది — "దీపం ఆర్పీ." తన వేళ్ళు తనకి తెలియకుండానే లైటు ఆర్పేశాయట.

చీకటి. వాన కూడా వెలిసింది. పెంకుల మీంచి చుక్కలు జారుతున్న శబ్దం తప్ప ఏమీ లేదు.

కాసేపటికి ఊపిరి వినిపించింది.

మనిషి ఊపిరి కాదు. బయట, గోడకి అవతల, ఎవరో కొలిమి తిత్తి నిదానంగా ఊదుతున్నట్టు... ఆగి... మళ్ళీ. ఒకటి ఇటు నుంచి. ఇంకొకటి వెనక నుంచి. అడుగుల చప్పుడు లేదు. ఊపిర్లు మాత్రం ఇంటి చుట్టూ తిరుగుతున్నాయి.

ధనరాజ్‌కి దగ్గొచ్చింది.

ఆపుకోలేకపోయాడు. ఒక్క దగ్గు. బయట ఊపిర్లన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం ఊపిరి కంటే భయంకరంగా ఉందని వదిన అంటుంది. తరవాత గోడని ఏదో మెల్లిగా రాసుకుంది. మట్టి రాలింది. పైన పెంకు ఒకటి జరిగింది... జరిగి, లోపల పడి పగిలింది. ఆ కంతలోంచి ఏదో గాలిని పీల్చింది. ఇంట్లో ఎవరున్నారో వాసన చూస్తున్నట్టు.

వదిన తన పైటచెంగు కుక్కి ఆయన నోరు గట్టిగా మూసింది. ఆయన ఒళ్ళంతా ఎగిరెగిరి పడుతోంది. దగ్గనిస్తే అది లోపలికి వస్తుంది. దగ్గనివ్వకపోతే మనిషి తన చేతుల్లోనే పోయేలా ఉన్నాడు. పిల్లలు గుర్తొచ్చారు. తనే కదా ఇంకాసేపు, ఇంకాసేపు అంది.

గూట్లో ఏదో కదిలింది.

కళ్ళు చీకటికి అలవాటుపడ్డాయేమో, కనిపించింది. గోడలోంచి ఒక చెయ్యి వచ్చింది. ఎండిపోయిన కట్టెలాంటి చెయ్యి. మోచేతి దాకా వచ్చి, అరచెయ్యి తెరిచింది. అందులో నల్లటి ముక్క.

"కరక్కాయ... బుగ్గనెట్టుకోమను."

దెయ్యం పెట్టింది తింటే దాని వెంట పోవాల్సిందేనని వదిన చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ చెప్పేది. ధనరాజ్ కళ్ళు తేలేస్తున్నాడు. వదిన చెయ్యి చాపి ఆ ముక్క తీసుకుంది. ముందు తను కొరికింది. చేదు, వగరు. ఏదైనా అయితే ఇద్దరికీ అవుతుందనుకుని, మిగిలింది ఆయన బుగ్గన పెట్టింది.

దగ్గు సర్దుకోవడానికి చాలాసేపు పట్టింది. కానీ సర్దుకుంది. వాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదు. బయట ఏదో పెళపెళా విరిగింది. దూరంగా రేకు నలిగినట్టు చప్పుడైంది. మళ్ళీ ఊపిర్లు... ఆ తరవాత అవీ లేవు. అయినా ఇద్దరిలో ఎవరూ పెదవి కదపలేదు.

తలుపు సందులో తెల్లటి గీత కనిపించాక, గొళ్ళెం తీసిన చప్పుడైంది.

ఎవరూ లోపలికి రాలేదు. వదినే తలుపు తెరిచింది.

ముంగిట్లో ఒక ముసలావిడ వంగి, గంపలోకి పేడ ఎత్తుతోంది. ఆవు పేడ కాదు. ఒక్కో ఉండ కొబ్బరిబొండాం అంత ఉంది. బురద నిండా చేటలంత గుండ్రటి అడుగులు. అరటి చెట్లు వేళ్ళతో సహా పడి ఉన్నాయి. మిట్ట కింద కారు ముందు భాగం నలిగిపోయి ఉంది.

ఏనుగులు.

వదిన గుమ్మంలోనే కూర్చుండిపోయింది. నువ్వు మనిషివేనా అని అడిగింది. ముసలావిడ పేడ చెయ్యి చీరకి తుడుచుకుని చాపింది. ముట్టుకుని చూసుకోమంది. ఆమె పేరు లక్ష్మణమ్మ. పక్కిల్లే ఆమెది. రెండిళ్ళకీ ఒకే గోడ, గూటికి అటూ ఇటూ కంత. ఆమె ఇంటి దారి వెనక నుంచి, తుప్పల్లోంచి. రాత్రి బయట గొళ్ళెం పెట్టిందీ ఆమే.

ధనరాజ్‌కి కోపం వచ్చింది. ఏనుగులని ఒక్క మాట చెప్తే ఏం పోయిందని, భయంతోనే గుండె ఆగిపోయేదని అన్నాడు.

లక్ష్మణమ్మ గంప కింద పెట్టింది.

"ఏనుగులంటే కారు కాడికి పరిగెడతారు బావు. ముందొకాయన అలాగే పరిగెట్టి సచ్చిపోనాడు. దెయ్యమనుకుంటే... ఎక్కడోళ్ళక్కడ కూకుంటారు."

ధనరాజ్ నలిగిన కారు వైపు చూశాడు. ఇలాంటి చోట ఒంటరిగా ఎందుకు, ఎవరికైనా చెప్పి కాలనీలో ఇల్లిప్పిస్తానన్నాడు. ఇచ్చారంది ఆమె. ఆఫీసర్లు రెండుసార్లు జీపెక్కించి తీసుకెళ్ళారట. రేకుల గది, వాకిలి తీస్తే ఎదురింటి గోడ. రెండుసార్లూ నడిచి వచ్చేసింది. ఆ తలుపు కథ పుట్టాక జీపు రావడం మానేసింది.

"మీకు ఒక్క రేతిరికే ఊపిరాడనేదు కదా" అంది వదిన వైపు చూసి. "నాకూ అక్కడ అంతే అమ్మా."

గెడ్డలో నీళ్ళు తగ్గాక ఇద్దరూ నడిచి రోడ్డు మీద టీ బడ్డీకి చేరుకున్నారు. బడ్డీ అతను వాళ్ళ వాలకం చూసి, రాత్రి ఏ ఊళ్ళో ఉన్నారని అడిగాడు. చెప్పారు. అతని చేతిలో గ్లాసు ఆగిపోయింది. అక్కడున్న నలుగురూ దగ్గరికి జరిగారు.

వదిన భర్త వైపు చూసింది. కొట్లో గిన్నెకి సొట్ట ఉంటే తనే చూపించి మరీ అమ్మే మనిషి ఆయన.

ధనరాజ్ టీ ఒక గుక్క తాగాడు.

"తలుపు దానంతటదే మూసుకుపోనాది" అన్నాడు మెల్లిగా. "గోడలోంచి సెయ్యొచ్చినాది."