ఖాళీగా వదిలిన గడి

“కెమికల్ ప్లాంట్‌ను పేల్చబోతున్నారు, స్వామీ. బాంబుతో కాదు, లెక్కతో,” అన్నాడు చీఫ్.

రియాక్టర్‌ను చల్లబరిచే షెల్ అండ్ ట్యూబ్ హీట్ ఎక్స్‌ఛేంజర్ ఎంత పెద్దదై ఉండాలో ‘యు’ అనే సంఖ్య నిర్ణయిస్తుంది. గొట్టాల గోడల గుండా వేడి ఎంత సులువుగా దాటుతుందో చెప్పే అంచనా అది. దాన్ని పెంచి చూపితే పరికరం చిన్నదైపోతుంది. ఆ అంచనాపై విదేశీ ముఠా చెయ్యి పడిందని సమాచారం. కొన్ని వారాలుగా సగం వేగంతో నడుస్తున్న ప్లాంట్ ఈ ఉదయమే పూర్తి వేగం అందుకుంటోంది.

ఏసీ మెకానిక్ వేషంలో ఏజెంట్ స్వామి రాయదుర్గంలోని డిజైన్ ఆఫీసుకు చేరాడు. అక్కడ ఉద్యోగినిగా చేరిన మన గూఢచారి భవాని, ఎర్రంచు నల్లచీరలో లిఫ్ట్ దగ్గర నిలబడి ఉంది.

“లిఫ్ట్ బేస్‌మెంట్‌కు పోతదా?”

“పోతది. తిరిగి రాదు.”

కోడ్ కలిసింది. ఆమె సర్వర్ గదికి దారితీసింది. స్వామి డిజైన్ షీట్ తెరిచి, బొత్తాం కెమెరాను తెరవైపు తిప్పాడు. యు విలువ ఆరు వందలు. గొట్టాల్లో పేరుకునే మురికికి ముందుగా చోటిచ్చే ‘ఫౌలింగ్ ఫ్యాక్టర్’ గడి ఖాళీ. ఖాళీని సాఫ్ట్‌వేర్ సున్నాగా తీసుకుంది. ప్లాంట్‌లో వాడేది మాత్రం బోరునీళ్లు. నిజాంపేటలో స్వామి ఇంటి గీజరే ఏడాది తిరక్కుండా సున్నంతో గడ్డకట్టింది. మురికిని లెక్కిస్తే యు మూడు వందలు దాటదు. ఎక్స్‌ఛేంజర్ కావలసినదాంట్లో సగమే!

“ఇది చెరిపిందెవరు?”

వీపుకు పిస్టల్ తగిలింది.

“ఎవ్వరూ చెరపలే,” అంది భవాని. “చెరపమనే ముఠావోళ్లు నన్ను పంపిండ్రు. వచ్చి చూస్తే మీవోళ్లే ఖాళీ ఇడిచిపెట్టిండ్రు. పాత ప్రాజెక్టు షీట్ కాపీ కొట్టిండ్రు, అంతే. ఇగ ఎవ్వరూ నింపకుండ కావలి కూసున్న. ఒక్కరన్న అడుగుతరేమోనని భయపడ్డ. అడగలే.”

స్వామి మోచేతితో ఒక్క పోటు పొడిచాడు. పిస్టల్ బల్ల కిందికి జారింది. ఆమెకు బేడీలు వేసి ప్లాంట్‌కు ఫోన్ కలిపాడు.

“కంట్రోల్ రూమ్. ఆపరేటర్ లింగయ్యను.”

“రియాక్టర్ ఎట్లుంది?”

“పరేషాన్ ఉంది సార్. నీళ్లు ఫుల్ ఇడిచినా వేడి ఎక్కుతనే ఉంది.”

“రియాక్టర్‌లోకి పోయే యాసిడ్ వాల్వ్ మూసెయ్!”

“మేనేజర్ సార్‌ను అడిగి...”

“నీ పెండ్లాం పిల్లలను అడుగు! ముయ్యి!”

ఫోన్‌లో పరుగు చప్పుడు. ఆపైన వాల్వ్ చక్రం కిర్రుమంది.

“ఆగింది సార్. మీటర్ ముల్లు ఎర్రగీత మీదనే ఆగింది. ఇగ దిగుతంది.”

మధ్యాహ్నం ప్లాంట్ మేనేజర్ కామేశ్వరరావు డిజైన్ ఆఫీసుకొచ్చి స్వామికి శాలువా కప్పి ఫొటో దిగాడు.

“గూఢచారి దొరికిపోయింది కదండీ, ఇక భయం లేదు. రేపట్నుంచి మళ్లీ ఫుల్ కెపాసిటీ.”

“ఎక్స్‌ఛేంజర్?”

“అదే ఉంటుందండీ. కుట్ర బయటపడ్డాక ఇంకా కొత్తదెందుకండీ?”

పోలీసు జీపులోంచి భవాని పగలబడి నవ్వింది.

ముఠా ఆ రోజు ఒక ఏజెంటును పోగొట్టుకుంది. ఆమె స్థానంలో మరొకరిని పంపవలసిన అవసరం మాత్రం వారికి కనిపించలేదు.